సున్నా నంబరు ఇల్లు

పొద్దున్నే అంబులెన్స్ ఆఫీసులో కోడలు కంప్యూటర్ తెరిచేది, పక్క కుర్చీలో అత్త ఒళ్లో చేట పెట్టుకునేది. సాయం కోరుతూ జనం పంపే మెసేజ్‌ని కోడలు చదువుతుంటే అక్షరాలు చేటలో రాలేవి. అత్త చెరిగితే వీధి ఒక మూలకి, ఇంటి నంబరు ఒక మూలకి, జబ్బు ఇంకో మూలకి చేరేవి. అయ్యోలూ బాబ్బాబులూ పొట్టులా ఎగిరి నేలమీద పడేవి. ఊడ్చే ఆవిడకి ఒళ్లు మండేది.

"పెద్దమ్మా, కాస్త గోడవైపు చెరగండి," అనేది.

ఈమధ్య అత్త మణికట్టు వాచింది. కోడలు చూడలేక ప్రోగ్రాం రాసింది. మెసేజ్‌ని అదే ముక్కలు చేసి వీధి, నంబరు, జబ్బు అని గడుల్లో సర్దుతుంది. ఇవాళే మొదలు. అత్తని ఊరికే కూర్చోమంది. పాపం, ఆవిడకి రాని విద్య అదొక్కటే.

కాసేపటికి డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మిల్లు వెనక వీధంతా తిరిగాను. సున్నా నంబరు ఇల్లు ఎక్కడా లేదు."

కోడలు గబగబా తెర చూసింది. జబ్బు గడిలో పురిటి నొప్పులని ఉంది. మెసేజ్ పంపినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు.

"చదువు," అంది అత్త, చేట అందుకుని.

"అయ్యో తొందరగా రండి బాబూ మిల్లు వెనక వీధి నీలం తలుపు అక్కకి పురిటి నొప్పులు ఇంట్లో నేనొక్కదాన్నే."

అత్త పంటిబిగువున చెరిగింది. వీధి ఓ మూల, నొప్పులు ఓ మూల చేరాయి. నంబరు మూల ఖాళీ. నీలం తలుపు మాత్రం ఎగరకుండా చేట మధ్యలో నిలబడింది.

"నంబరే ఇవ్వలేదు అత్తయ్యా. లేనిదాన్ని నేను సున్నా అనేశాను."

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. ముందు అతనికి చెప్పు."

"నీలం తలుపు చూడు," అని డ్రైవర్‌కి చెప్పి, కోడలు ప్రోగ్రాం మీద పడింది. ఖాళీని ఖాళీగానే ఉంచమని రాసింది. ఏ గడిలోనూ పట్టని గింజల కోసం 'ఆనవాలు' అని కొత్త గడి కట్టింది.

మళ్లీ ఫోన్ మోగింది. "ఆడపిల్ల మేడమ్. ఆసుపత్రి గుమ్మంలోనే. ఇద్దరూ క్షేమం." వెనకనుంచి పిల్ల ఏడుపు ఆఫీసంతా వినపడింది.

"ఆ గొంతు చూడు, ఎవరి మాటా వినేలా లేదు," అని అత్త మురిసిపోయింది.

ఆ రోజు వచ్చిన ప్రతి మెసేజూ గడుల్లోకి చక్కగా సర్దుకుంది. కోడలు గర్వంతో పొంగిపోయింది. సాయంత్రం చేట గోడకి తగిలించి, అత్త కుర్చీలోనే హాయిగా కునుకు తీసింది. ఊడ్చే ఆవిడ అలవాటుగా ఆ కుర్చీ కింద చూసింది. అక్కడ శుభ్రంగా ఉంది. కోడలి కంప్యూటర్ కింద మాత్రం అయ్యోలు మోకాలెత్తున పడి ఉన్నాయి.

"నువ్వూ మొదలుపెట్టావా తల్లీ," అంటూ ఆవిడ చీపురు అటు తిప్పింది.