కప్పను చూసి నవ్విన గైడు

మా అడవి పార్కులోని ఐదో క్యాంపులో తెల్లారితే పని ఒకటే. చాపలు చుట్టాలి, మేజోళ్లు దులిపి జలగల్ని తీసెయ్యాలి, నూడుల్స్ ఉడికేలోపు తలా మూడు లీటర్ల నీళ్లు పట్టుకోవాలి. కొండ మీద సూదుల్లా నిలబడ్డ రాళ్ల దాకా ఎక్కాలంటే మధ్యలో చుక్క నీరు దొరకదు మరి.

ఆ రోజు మా పెనాన్ తెగ పిల్ల ఉబుంగ్‌కి పరీక్ష. జపాన్ నుంచి వచ్చిన ఒగావా మాస్టారినీ, ఆయన భార్యనీ కొండెక్కించి దింపితే పార్కు వాళ్లు గైడు బిళ్ల ఇస్తారు. లేదంటే సోమవారం పిన్నితో పడవెక్కి మిరి పట్నం వెళ్లి ప్లైవుడ్ మిల్లులో చేరాలి. అడవిలో పుట్టి పెరిగిన పిల్ల, చెక్కలకి జిగురు పూసుకుంటూ కూర్చోవాలన్నమాట.

పరీక్ష చేసే లెజావ్ గారు నిబంధనల మనిషి. సగం కొండెక్కాక అందరూ కాసేపు కూలబడ్డారు. ఆయన టోపీ తీసి రాతి మీద పెట్టారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఓ కప్ప, టోపీ మీదకెక్కి, గొంతు ఉబ్బించి, అచ్చం ఆఫీసరులా అందరినీ ఎగాదిగా చూసింది. ఉబుంగ్ కిసుక్కున నవ్వేసింది.

జంతువుని చూసి నవ్వితే పైనున్న ఉరుములాయన ఊరుకోడని మాలో చంటిపిల్లలకీ తెలుసు. ఇంకేముంది, గొడుగంత మబ్బొకటి వచ్చి సరిగ్గా ఆమె నెత్తిన ఆగి, సన్నగా కురవడం మొదలెట్టింది. చుట్టూ ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంది.

"నన్ను చూసి నవ్వావా, కప్పను చూసా?" అన్నారు లెజావ్ గారు.

"కప్పనే సార్."

"మబ్బొచ్చింది కాబట్టి నమ్ముతున్నా."

ఉబుంగ్ కత్తితో జుట్టు కొస కోసుకుంది. అది కాలిస్తే ఉరుములాయన శాంతించి మబ్బు పోతుంది.

"సార్, అగ్గిపెట్టె ఉందా?"

"దారిలో నిప్పు వెలిగించకూడదు. నిబంధన. సాయంత్రం పొయ్యిలో కాల్చుకో."

తడిసిన జుట్టు గుప్పిట్లో పెట్టుకునే నడిచింది పిల్ల. ఇంకో గంటకి నిచ్చెనలొచ్చాయి. నాలుగో నిచ్చెన మీద లెజావ్ గారి నీళ్ల సంచి భుజం మీంచి జారి, దబ్బుమని రాళ్ల సందులో పడి లోయలోకి పోయింది.

ఆయన కిందికి చూశారు. చెమట తుడుచుకున్నారు.

"ఒక్కరికి నీళ్లు లేకపోయినా అందరూ వెనక్కి తిరగాలి. యాత్ర పూర్తి కాలేదని రాయాలి."

"పోయింది మీ ఒక్కరి సంచే కదండీ" అంది ఒగావా గారి భార్య. "మావి పంచుకుందాం."

"పంచుకుంటే మీకు చాలవు. అదీ నిబంధనే."

ఉబుంగ్‌కి కళ్లముందు జిగురు డబ్బా కనిపించింది. తల వంచుకుంది. నుదుటి మీంచి కారిన వాన పెదవి మీదికొచ్చింది. చప్పరించింది. తియ్యగా ఉంది.

"సార్, ఇలా నా పక్కకి రండి. టోపీ తిరగేసి పట్టుకోండి."

టోపీ నిండింది. ఆయన తాగారు. మళ్లీ నిండింది. మళ్లీ తాగారు. మాస్టారు కూడా గ్లాసు పట్టి, తాగి, వంగి దణ్ణం పెట్టారు. ఉన్నది పంచుకున్నందుకు దణ్ణమెందుకో ఉబుంగ్‌కి అర్థం కాలేదు.

పైన, తెల్లటి రాతి సూదుల ఎదురుగా, నలుగురూ ఆ గొడుగంత వానలో కోడిపిల్లల్లా ఒదిగి కూర్చుని అన్నం పొట్లాలు విప్పారు.

"నీ అన్నంలో చారు ఎక్కువైందమ్మాయ్" అన్నారు లెజావ్ గారు. అది హాస్యమని అందరికీ తెలిసేసరికి కాస్త సమయం పట్టింది.

సాయంత్రం క్యాంపులో ఆయన కాగితం తీసి, 'నీటి ఏర్పాటు' అన్న చోట 'గైడు వెంట వచ్చింది' అని రాసి సంతకం చేశారు. బిళ్ల ఆమె చేతిలో పెట్టారు. పొయ్యి వెలిగించారు. ఉబుంగ్ గుప్పిట తెరిచింది.

లెజావ్ గారు గొంతు సవరించుకున్నారు. "రేపు ఇంకో జట్టు పైకెళ్లాలి. ఎల్లుండి కాల్చుకోకూడదూ?"

సోమవారం మిరి పడవలో ఖాళీగా మిగిలిన ఉబుంగ్ సీటు నిండా పిన్ని దురియాన్ పళ్లు పేర్చుకుని వెళ్లింది.