మియోబా తిరిగిన దారి

"మిగిలిన ఆ ఒక్కటీ నేను పెట్టుకోనా?" అని అడిగింది మియోబా, భోజనానికి కూర్చున్న భర్త చేతుల మీద నీళ్ళు పోస్తూ.

మిచెలో పని చేసే ఆఫీసువాళ్ళు లుసాకాలో బస్సులు జనానికి ఎంతవరకు అక్కరకొస్తున్నాయో కొలుస్తున్నారు. అందుకని కన్యామా పేటలో కొంతమందికి అగ్గిపెట్టెంత యంత్రాలు పంచారు. వారం రోజులు దాన్ని ఒంటిమీద ఉంచుకుంటే చాలు, మనిషి ఎటు పోతే అటు పటం మీద గీత పడుతుంది. తమ వీధిలో పంచే పని మిచెలోదే. పక్కింటి డ్రైవరు ఊరెళ్ళిపోవడంతో ఒకటి మిగిలిపోయి, ఉప్పు డబ్బా పక్కన పడి ఉంది.

"నువ్వా?" మిచెలో నవ్వాడు. "నీకు ప్రయాణాలేముంటాయి? ఇంట్లోనే ఉంటావుగా. అవి ఉద్యోగాలకి పోయేవాళ్ళకి."

మిచెలో చెడ్డవాడు కాదు. తాగి రాడు, చేయి చేసుకోడు, కూరలో ఉప్పు తక్కువైతే తనే వేసుకుంటాడు. అతనితో వచ్చిన చిక్కే అది. కోపం తెచ్చుకుందామంటే చేతికి ఏదీ దొరకదు. "ఇంట్లోనే ఉంటావుగా" అనే మాట అతను తిట్టుగా అనలేదు. ఎండ కాస్తోంది అన్నంత మామూలుగా అన్నాడు. పెళ్ళయిన కొత్తలో మోంజే నుంచి వచ్చిన అతని పెద్దనాన్న కూడా అలాగే అన్నాడు: "మా కోడలు అదృష్టవంతురాలు, గడప దాటే పని లేదు." ఆ రోజు ఆయనకి మందుల కోసం మియోబా మూడు పేటలు తిరిగి వచ్చి, చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆమె పూటపనికి వెళ్ళే కుట్టు దుకాణం యజమాని కూడా అంతే. ఆమె ఆలస్యంగా వస్తే, "ఇంటిపట్టున ఉండేవాళ్ళకి టైముతో పనేముంది లెండి," అని పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతాడు.

అన్నం ముందు వాదించడం దండగనుకుంది మియోబా. గిన్నెలు తీసేటప్పుడు ఆ యంత్రాన్ని కూడా తీసి, నడుముకి చుట్టుకున్న చిటెంగే గుడ్డ మడతలో దోపుకుంది.

మర్నాడు వాన. మురుగు కాలవలు పొంగి దారి మీదికొచ్చాయి. బడిపిల్లలంటే సగం ఛార్జీ కనక, కూతురు లూసే చెయ్యెత్తితే ఏ కండక్టరూ బస్సు ఆపడు. పిల్లని వీపున వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని నడిచి దింపి వచ్చింది మియోబా. వచ్చేసరికి అత్తగారు కర్ర పట్టుకుని గడపలో సిద్ధంగా ఉంది. ఆవిడ మోకాళ్ళకి పక్కనున్న చవామా పేటలో వైద్యం. ఇంటి ముందు నిలబడితే చవామా రేకు కప్పులు కనపడతాయి. కానీ అటు పోయే బస్సు లేదు. బస్సులన్నీ ఊరి నడిబొడ్డుకే పోతాయి, అక్కడ దిగి ఇంకో బస్సెక్కి మళ్ళీ వెనక్కి రావాలి. ఎదుటి గుమ్మంలోకి పోవడానికి ఊరు చుట్టి రావడమన్నమాట. రెండో బస్సు నిండేదాకా కదలదు. "అమ్మమ్మా, నీ కర్రకి సీటు వద్దు గానీ, దాన్ని నా కాళ్ళ మీంచి తియ్యి!" అని కండక్టరు కుర్రాడు అరిస్తే, "నా కర్ర నీకంటే ముందు పుట్టిందిరా, కూర్చునే హక్కు దానికే ఉంది!" అంది ముసలమ్మ. బస్సంతా గొల్లుమంది. ఆవిణ్ణి వైద్యుడి దగ్గర కూర్చోబెట్టి, మియోబా రైలు పట్టాలు దాటి అడ్డదారిన కుట్టు దుకాణానికి పరిగెత్తింది. నాలుగు బడి గౌన్లకి అంచులు కుట్టి, సోవెటో బజారులో ఎండు చేపలు కొని, తిరిగి చవామా పోయి, అత్తగారిని తీసుకుని సగం దూరం వచ్చాక ఆవిడ "నా సంచీ!" అంది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ఆ తరవాత లూసే బడి. వారమంతా కొంచెం అటూ ఇటుగా ఇంతే. రోజంతా కాళ్ళు అరిగిపోతున్నా, నడుము దగ్గర ఆ చిన్న బరువు తగిలినప్పుడల్లా మియోబాకి చెప్పలేని సరదాగా ఉండేది. ఎవరో ఒకరు తనతో పాటు నడుస్తున్నట్టు.

వారం కాగానే దాన్ని మిగతావాటిలో కలిపేసింది. మిచెలో లెక్క చూసుకోకుండా సంచిలో పోసుకుని తీసుకుపోయాడు.

రెండు రోజుల తరవాత భోజనాల దగ్గర అతను తెగ నవ్వాడు. "అమ్మా, మా ఆఫీసులో ఏమైందో చూడు! ఒక యంత్రం పాడైపోయి పిచ్చి గీతలు గీసింది. తాడు తెంచుకున్న మేకలా ఊరంతా తిరిగిందని నాతో పనిచేసే ముటాలే ఒకటే నవ్వు. దాన్ని తీసి పక్కన పడేశాం." ఫోను తీసి ఆ పటం తల్లికి చూపించాడు.

మియోబా వాళ్ళిద్దరి భుజాల మీంచి వంగి చూసింది. పటం మీద ఎర్ర దారం ఉండ విప్పి పోసినట్టుంది. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. తరవాత బడి కనపడింది. పట్టాలు కనపడ్డాయి. సంచీ కోసం వెనక్కి తిరిగిన చోట చిన్న ఉచ్చు ఉంది. ఆమెకి నవ్వు ఆగలేదు. గోడకి ఆనుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏమిటే?" అన్నాడు మిచెలో.

"అది పాడవలేదండీ. అది నేనే."

ముసలమ్మ ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఆ ఉచ్చు మీద వేలు పెట్టింది. "ఇది నా సంచీ," అంది గంభీరంగా. "నీ పెళ్ళాన్ని మేకంటావురా? మేక అయితే ఎక్కడో ఒకచోట ఆగి గడ్డి తింటుంది."

మిచెలో నవ్వు ఆగిపోయింది. ఫోను వెనక్కి తీసుకుని, "అయినా లెక్కలు అయిపోయాయి," అన్నాడు మెల్లగా. "పగటిపూట బస్సుల్లో ఉద్యోగస్తులు లేరని తేలింది. పొద్దుటివీ సాయంత్రంవీ ఉంచి, మధ్యాహ్నం బస్సులు తీసేయబోతున్నారు. శనివారం బడి హాల్లో మీటింగు, చెప్పేస్తారు."

అంటే అత్తగారు చవామా నడిచిపోవాలి. తను దుకాణం మానుకోవాలి. గడపలోనే ఆగిపోవాల్సిన వీధిలోని ఆడవాళ్ళంతా మియోబా మనసులో ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"నేనొచ్చి మాట్లాడతాను," అంది.

"ఇంటి సంగతులు మీటింగులో ఎందుకు? నా పరువేం కాను?"

మియోబా గిన్నెలు తీసుకుని లేచింది. శనివారం పొద్దున పెళ్ళిళ్ళకి కట్టే పసుపు చిటెంగే కట్టుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. దారిలో కనపడిన ప్రతి ఆడమనిషినీ పిలుచుకుంటూ పోయింది.

హాల్లో గోడ మీద పేటవాళ్ళ గీతలు వేశారు. అన్నీ ఇంటి నుంచి ఊళ్ళోకి, ఊళ్ళోంచి ఇంటికి, దువ్వెన పళ్ళలా తిన్నగా ఉన్నాయి. వాటిని మారుస్తూ, గోడ మీద బొమ్మ వేసే మెషీను దగ్గర మిచెలో కూర్చున్నాడు. పెద్ద అధికారిణి లుబిండా మేడమ్, "ఎవరికైనా సందేహాలా?" అంది. మియోబా లేచింది. 

"పాడైపోయిందని పక్కన పెట్టిన గీత ఒకటుంది మేడమ్. అది కూడా గోడ మీద వెయ్యండి."

మేడమ్ మిచెలో వైపు చూసింది. అతని మొహం కందిపోయింది. "అది... తీసేశాం మేడమ్."

"అబద్ధం!" ముసలమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "నీ ఫోనులో ఉంది. మొన్న నాకు చూపించి నవ్వలేదురా?"

హాలంతా గొల్లుమంది. మిచెలో తల్లిని చూశాడు, తరవాత పసుపు బట్టలో నిలబడ్డ భార్యని చూశాడు. ఒంటరిగా అంతమంది మధ్య ఆమె నిలబడటం అతను ఎప్పుడూ చూడలేదు. తల వంచుకుని, ఫోను తీసి మెషీను వైపు తిరిగాడు. గోడ మీద ఎర్ర దారం ఉండ విచ్చుకుంది.

జనం మెడలు చాచి చూశారు. తరవాత వెనక వరసలో టమాటాలమ్మే ఆమె, "అయ్యో, అది నాదే కదమ్మా!" అని అరిచింది. "కాదు, నాది! చూడు, ఆ పట్టాల దగ్గర నేనే దాటతా!" "మా చంటాడి టీకాకి నేను తిరిగింది కూడా ఇలాగే!" ఒకరి తరవాత ఒకరు లేచి గోడ దగ్గరికి పోయారు. తామెక్కడ తిరుగుతారో వేళ్ళతో చూపిస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ ఆ గీత చుట్టూ మూగారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. లుబిండా మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మా అమ్మ గీత కూడా ఇలాగే ఉండేదేమో," అంది. తరవాత మళ్ళీ కొలవమని చెప్పింది. ఈసారి ఆడవాళ్ళందరి దగ్గరా.

ఇంటికి పోయే దారిలో మిచెలో అన్నాడు, "ఎప్పుడైనా చెప్పాల్సింది కదా, ఇంత తిరుగుతానని."

"రోజూ చెప్పాను. ఎండు చేపలు బాగున్నాయనేవారు. అవి ఎక్కణ్ణించి వచ్చాయని ఒక్కసారీ అడగలేదు."

 నీళ్ళు నిలిచిన చోట మిచెలో ఆగి, తల్లిని వీపున ఎక్కించుకున్నాడు. ముసలమ్మ కర్రతో అతని పక్కలో పొడుస్తూ దారి చెప్పింది.

వానలు వెనకబట్టాక కన్యామా నుంచి తిన్నగా చవామాకి ఒక బస్సు వేశారు, నడుస్తుందో లేదో చూడ్డానికి. మధ్యాహ్నం బస్సులు అలాగే ఉన్నాయి. ఆ ఆదివారం మియోబా గిన్నెలు కడిగి బోర్లించి, "లూసేకి జడలు మీరు వెయ్యండి. అత్తమ్మ కాళ్ళకి నూనె రాయండి. నేను సాయంత్రానికి వస్తాను," అంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు మిచెలో. అతని గొంతులో నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆ కొత్తదనానికే ఆమెకి నవ్వొచ్చింది.

చవామాలో ఆమె స్నేహితురాలు చోల్వే ఉంటుంది. పెళ్ళికి ముందు ఇద్దరూ చర్చిలో పక్కపక్కన పాడేవాళ్ళు. ఆమెని చూసే పని ఎవరి మోకాళ్ళకీ, ఎవరి బడికీ, ఎవరి కూరకీ సంబంధించింది కాదు కనక, ఇన్నేళ్ళూ కుదరలేదు. మియోబా ఒళ్ళో సంచీ లేదు, వీపున పిల్ల లేదు. కొత్త బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గాలికి బయట పెట్టింది.

కొలతల పని చేసే అమ్మాయి ఒకతె సీటు సీటుకీ వచ్చి అడుగుతోంది. "అక్కా, ఎందుకు వెళ్తున్నారు? పనికా, బడికా, ఆసుపత్రికా, బజారుకా?"

"అవేవీ కాదు. నా కోసం."

అమ్మాయి కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "అలాంటి గడి ఇందులో లేదక్కా."

"లేకపోతే గీసుకో అమ్మా," అంది మియోబా. "కొంచెం పెద్దది గీసుకో."