ఇటలీ రబ్బరు శాంపిలు

నేను ఒక రబ్బరు ముక్కను. జానెడు పొడవుంటాను. పుట్టినప్పుడు ముక్కను కాను. ఒక చిన్న ఇటలీ కారు ముందు అద్దం చుట్టూ బిగిసి కూర్చున్న పూర్తి వలయాన్ని. నాకు రెండు గాడులు. ఒకదానిలో అద్దం అంచు, రెండోదానిలో కారు రేకు అంచు. ఆ రెంటినీ పట్టుకుని, మధ్యలోంచి నీటిని పోనివ్వకపోవడమే నా వృత్తి. అందులో మహిమ ఏమీ లేదు. ఒత్తిడి ఉంది, అంతే.

అందరూ నన్ను 'అసలు ఇటలీ రబ్బరు' అంటారు. ఇటలీలో రబ్బరు తోటలు లేవు. నా పాలు కారింది మలయాలో. గంధకంతో ఉడికించి అచ్చులోంచి లాగింది మాత్రం ఇటలీలో. ఈ సంగతి తెలిస్తే మనుషుల భక్తి తగ్గుతుందని నాకు నమ్మకం లేదు.

రేవులో యంత్రాలు బిగించడానికి విశాఖపట్నం వచ్చిన ఒక ఇటలీ ఇంజనీరు తనతో కారును తెచ్చుకుని, వెళ్లేటప్పుడు ఒక ప్లీడరుకు అమ్మాడు. ఆ ప్లీడరు ప్రతి దసరాకూ నాకు పసుపూ నువ్వుల నూనే పట్టించేవాడు. నూనె రబ్బరుకు శత్రువని ఆయనకు చెప్పినవారు లేరు. చెప్పినా వాదించి గెలిచేవాడు. ఆయన తరవాత కారు ధనంజయరావుగారికి చేరింది. ఆయన రేవులో క్రేన్ల అధికారి. కాని కారు నడిపేది ఆయన భార్య, లెక్కల టీచరు ఇందుమతిగారు. ఆదివారాలు భర్తను పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి దాకా వెళ్లి వచ్చేవారు. ఇంట్లో అందరి మాటా వినే మనిషి, ఆ స్టీరింగు వెనక మాత్రం ఎవరి మాటా వినేవారు కారు.

వారిద్దరూ రిటైరయ్యారు. నేనూ ముసలిదాన్నయ్యాను. వయసు మీరిన రబ్బరు గట్టిపడుతుంది, కుంచించుకుపోతుంది. మూలల దగ్గర నేను పట్టు వదిలాను. వాన లోపలికి వచ్చి కాళ్ల కింది రేకును తినేసింది. మెకానిక్ నూకరాజు ఆ రేకు మార్చి, "ఇంకో వానాకాలం ఇలగే తడిసిందంటే బండి ఉండదండి. అద్దం రబ్బరు మార్చీవలిసిందే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే బీచ్ రోడ్డు హోటలాయన ఒకడు దిగాడు. కారును మధ్యకు కోసి, ముందు సగాన్ని గోడకు బిగించి, బానెట్ మీద పెనం పెట్టి దోశెలు పోయిస్తాడట. ధనంజయరావుగారు భార్య ముఖం చూడకుండా, "వానలు పడేలోగా రబ్బరు దొరక్కపోతే తీసుకెళ్లండి" అన్నారు. ఇందుమతిగారు తాళాలు తీసుకుని, ఒక్కరే భీమిలి దాకా నడిపి వచ్చారు.

మర్నాడు నూకరాజు నన్ను ఊడదీశాడు. అద్దాన్ని బొంతలో చుట్టి మంచం మీద పడుకోబెట్టారు. అది పగిలితే మరొకటి దొరకదు. అందుకని ఇంటికి వచ్చిన చుట్టాలంతా నిలబడే కాఫీ తాగారు.

ఇక నా యాతన. ఈ దేశంలో ఏ దుకాణానికి వెళ్లి ఏమడిగినా మొదటి మాట ఒకటే: "శాంపిలుందా?" ప్రతివాడూ నన్ను వేళ్ల మధ్య నలిపి, "ఒరిజినల్ అంటే ఒరిజినలేనండి" అని నిట్టూర్చి, ఒక ముక్క కోసుకుని సొరుగులో వేసుకున్నాడు. కబురు చేస్తామన్నవారందరి సొరుగుల్లోనూ నేనున్నాను. కబురు మాత్రం లేదు, నేనేమో చివరికి జానెడు మిగిలాను. ఆర్టీసీ పార్సిళ్లలో విజయవాడ వెళ్లాను, చెన్నై వెళ్లాను. ఇటలీ నుంచి కూడా ఒక పెట్టె వచ్చింది. అందులో ఉన్నది మరో మోడలు కారు వెనక అద్దం రబ్బరు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో రబ్బరు సామాను చేసే చలమయ్య నన్ను చూసి అచ్చు తీయించి, కొత్త రబ్బరు పంపాడు. అది అద్దానికి ఎక్కలేదు.

"అదెట్టా ఎక్కదండీ?" అన్నాడు ఫోన్లో. "మీ ముక్కకి వెంట్రుకవాసి తేడా రానీలేదు. పక్కన పెట్టి చూసుకోండి."

చూశారు. నిజమే. చలమయ్య మళ్లీ చేశాడు, మరింత శ్రద్ధగా. కనుక మళ్లీ ఎక్కలేదు. నూకరాజు సబ్బునీళ్లు రాసి, "కొత్త రబ్బరు కదండి, సాగుతాది" అంటూ లాగాడు. అద్దం టిక్కుమంది. అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

నాకు గొంతుంటే అరిచేదాన్ని. నన్ను కాదయ్యా, అద్దాన్ని కొలవండి. మూలప్రతి చేతికి దొరికితే చాలు, ఇక లోకాన్ని చూడనక్కరలేదనుకునే జబ్బు ఇది. గ్రంథాల విషయంలోనే అనుకున్నాను, రబ్బరుకూ పాకింది.

సముద్రం మీద మొదటి మబ్బు కనిపించిన రోజున హోటలాయన టేపు పట్టుకుని వచ్చి బానెట్ కొలవసాగాడు. ఇన్నాళ్లలో ఆ కారు దగ్గర టేపు పట్టినవాడు అతడొక్కడే.

"ఏం కొలుస్తున్నారు?" అన్నారు ఇందుమతిగారు.

"పెనం సరిపోవాలి కద మేడమ్. చూసి చేయిస్తే అవుద్దా?"

ఆవిడ క్షణం సేపు అతని వైపే చూసి, భర్తనూ నూకరాజునూ కేకేసి, గబగబా లోపలికి వెళ్లి, బొంత విప్పి, అద్దం అంచుకు నన్ను తొడగబోయారు. నేను ఎక్కలేదు.

"నూకరాజూ, ఇది ఈ అద్దానిదేనా?"

"అయ్యో, నా చేత్తోనే తీసేనమ్మా."

"మరి దీనికే ఎక్కడం లేదేం?"

"ముసిల్ది కదమ్మా. ముడుచుకుపోనాది."

ఇందుమతిగారు భర్త వైపు తిరిగారు. "ముడుచుకుపోయినదాన్ని చూసి కొత్తది చేయిస్తున్నామా మనం? మీ అమ్మగారి ఎనభయ్యో ఏటి కొలతలతో ఆవిడ పెళ్లిరవిక కుట్టిస్తారా?"

"మధ్యలో మా అమ్మేం చేసిందే?" అన్నారాయన.

హోటలాయన చేతిలోంచి టేపు తీసుకుని, ఆవిడే అద్దం మందం, రేకు మందం, వాటి మధ్య సందు కొలిచారు. అంచు చుట్టూ దారం తిప్పి చుట్టుకొలత తీశారు. ఆ అంకెలు వినిపిస్తే చలమయ్య నొచ్చుకున్నాడు. "శాంపిలు లేకుండా పని చెయ్యను మేడమ్."

"ఉంటే రెండుసార్లు చేశారుగా. ఈసారి లేకుండా చెయ్యండి."

చేశాడు. నూకరాజు గాడిలో తాడు పెట్టి మెల్లగా లాగుతుంటే కొత్త రబ్బరు రేకు మీదికి పెదవి విప్పుకుని ఎక్కి కూర్చుంది. అద్దం కిక్కురుమనలేదు. హోటలాయన తన టేపు తాను తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలింది నేను. చెత్తబుట్టే న్యాయమని నేను భావించాను. కాని నూకరాజు, "అసలు ఇటలీ ముక్కండి, పారీకూడదు" అన్నాడు. ధనంజయరావుగారు తలూపి, నిమ్మకాయకూ మిరపకాయలకూ మధ్య నన్ను దారంతో గుచ్చి ముందు బంపరుకు కట్టారు.

నిన్న తొలివాన కురిసింది. ఇందుమతిగారు భర్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వానలోనే భీమిలి దారి పట్టారు. లోపలికి చుక్క రాలేదు.

"చూశావా? అసలు ముక్క బండి మీదుంటే ఆ ధైర్యమే వేరు," అన్నారు ధనంజయరావుగారు.

"దిగాక దండం పెట్టుకోండి," అన్నారావిడ, గేరు మారుస్తూ.

దిగాక ఆయన నిజంగానే పెట్టుకున్నారు. ఈ ఇంట్లో వానను ఆపినన్నాళ్లూ నాకు ఒక్కరూ నమస్కరించలేదు. ఇప్పుడు అన్ని వైపులా తడవడం తప్ప నాకు వేరే పని లేదు.