పాడని ఎనిమిది పంక్తులు

తొదరో పొద్దుటి నుంచీ బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ మాటలు వెతుక్కుంటున్నాడు. వెనిస్‌లోని ఆ నాటకశాలలో ముప్ఫై ఏళ్లుగా ఒపెరాలకు మాటలు రాయడం అతని పని. గాయనులు తమకు చప్పట్లు తెచ్చిన పాటను పెట్టెలో పెట్టుకొని ఊరూరా తిరుగుతారు. అది ఏ కథలోదైనా, ఇక్కడ ఆడే కథలో ఇమిడేలా తొదరో మాటలు మార్చి పెట్టాలి. వంగిపోయిన మెడ, సిరాతో నల్లబడ్డ వేలు, మోచేతుల దగ్గర పలచబడ్డ కోటు, అంతే ఆ మనిషి.

"కవిగారూ, ఆ చెరసాల పాట తీసేసి నాది పెట్టండి. సాయంత్రమే ఆట," అంది మిలాన్ నుంచి వచ్చిన గాయని లుగ్రెజియా.

"అమ్మా, అక్కడ చచ్చిపోయిన కూతురి కోసం తల్లి ఏడుస్తోంది. మీదేమో వేట పాట."

"ఏడ్చుకుంటూ వేటకెళ్తుంది లెండి! మాటలెవరు వింటారండీ, నా గొంతు వింటారు గానీ!"

అందరూ నవ్వారు. తొదరో కూడా నవ్వాడు.

ఆ చెరసాల పాటలోని ఎనిమిది పంక్తులూ మశూచితో పోయిన తన కూతురు ఓర్సెత్త కోసం రాసుకున్నవి. ఎవరి బాణీకీ తల వంచకుండా రాసినవి అవి మాత్రమే. నలుగురూ ఒక్కసారి వింటే చాలనుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్క ఆశ. ఆటకు వచ్చేవాళ్లు కొనుక్కొనే పాటల పుస్తకంలో, పాడకుండా వదిలేసిన పంక్తులను కూడా పక్కన చిన్న గుర్తులు పెట్టి అచ్చువేయడం అక్కడి ఆనవాయితీ. వేట పాటకు కొత్త మాటలు రాసి పట్టుకొని, కాలువ గట్టు వెంట ఆయాసపడుతూ అచ్చాఫీసుకు వెళ్లాడు.

"బస్తియాన్, పాతవి ఉంచి గుర్తులు పెట్టు. అంతే చాలు."

"చోటేదయ్యా? కొత్త పాటే పన్నెండు పంక్తులుంది," అన్నాడు అచ్చు పనివాడు.

"ఇంకెక్కడైనా తియ్యి. అన్నీ నేను రాసినవేగా."

"మిగతావన్నీ పాడుతున్నారు మహానుభావా! పాడనిది నీ ఏడుపొక్కటే."

తొదరో కొత్త మాటల కాగితం అతని ముందు పెట్టాడు. గుండెలో కలుక్కుమంటే గోడవార బెంచీ మీద కూర్చున్నాడు.

"మొహం అలా పెట్టకు. వచ్చే ఆటలో ఎక్కడో ఇరికిద్దాంలే," అన్నాడు బస్తియాన్ అక్షరాలు పేరుస్తూ. జవాబు రాకపోతే అలిగాడనుకున్నాడు. కాగితాలు ఆరేసి వచ్చి భుజం తట్టేసరికి మనిషి చల్లబడి ఉన్నాడు.

సాయంత్రం ఆట ఆగలేదు. వేట పాటను రెండుసార్లు పాడించుకున్నారు. పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి.

అచ్చాఫీసు కిటికీ గూట్లో, సీసపు అచ్చులతో పేర్చి పుటలోంచి ఊడదీసిన ఆ ఎనిమిది పంక్తులు, తెల్లారాక విడదీసి ఏ అక్షరాన్ని దాని గడిలో వేసేందుకు దారంతో కట్టి, అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలతో అలాగే ఉన్నాయి.