ఏమీ జరగని ఇల్లు

“ముందు ఈ పేలికలూ తాళ్లూ అన్నీ తీసెయ్యండమ్మా,” అన్నాడు బ్రోకరు, మెట్లెక్కుతూ. “కొనడానికొచ్చినవాళ్లు ఇది ఇల్లా, ఒళ్లంతా కట్లు కట్టించుకున్న పేషెంటా అనుకుంటారు.”

వెనకే వస్తున్న ఆ ఇల్లాలి భర్త పగలబడి నవ్వాడు. “ఇరవై ఒక్క ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదే సార్. నా మాట వింటేగా! మీరు చెప్పారు కాబట్టి తీస్తుంది.”

మెట్లు తుడుస్తున్న ఆమె తడిగుడ్డ పట్టుకుని గోడకి అతుక్కుపోయి వాళ్లకి దారిచ్చింది. పైనుంచి నాలుగో మెట్టు మిగతావాటికంటే రెండు వేళ్లు ఎత్తు. కట్టినవాడు లెక్క తప్పాడు. దాని అంచున ఆమె అంటించిన ఎర్రగుడ్డ కంటబడి బ్రోకరు ఆ ఒక్క అడుగు కాస్త ఎత్తి వేశాడు. తను ఎందుకు బోర్లా పడలేదో అతనికి తెలియనే తెలియదు. పైకెళ్లి కిటికీలు బాగున్నాయన్నాడు.

ఇల్లు అమ్ముతున్న సంగతి ఆమెకి తెలిసింది నాలుగు రోజుల కిందట, దండెం మీద దుప్పట్లు ఆరేస్తుండగా. “ఇల్లు అమ్మేస్తున్నాం. మోకాళ్లతో ఈ మెట్లు నావల్ల కాదు. లిఫ్టున్న ఫ్లాటు చూశాను. కాస్త సర్దిపెట్టు,” అన్నాడాయన. అమ్మేద్దామా అని కాదు. దుప్పటి అవతలి కొస పట్టుకోమని అడుగుదామనుకున్న ఆమె ఆ మాట కూడా మింగేసి, ఒక్కతే పిండుకుంది.

ఇంట్లో ఆమెని అందరూ జాగ్రత్తమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పోయిన అత్తగారు. “మా కోడలు, యముడొచ్చి తలుపు కొట్టినా సరే, ఎవరు, ఏం పని అని అడిగిగానీ గడియ తియ్యదు,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేది. ఆయన తన ఆఫీసువాళ్లతో “మా ఇంటికి ఫైరింజను అక్కర్లేదు, పెళ్లప్పుడే తెచ్చుకున్నాను,” అనేవాడు. నీళ్ల గ్లాసులు అందిస్తూ ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే “అబ్బో, కోపం కూడానా” అంటారు.

నిజానికి ఆ జాగ్రత్తకి ఒకప్పుడు జీతం వచ్చేది. ఎనిమిదో తరగతితో చదువాపిన ఆమె పెళ్లికి ముందూ, అయ్యాక నాలుగేళ్లూ చిన్నపిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగు పని చేసింది. మిషను మీద సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా ఆ వరస మొత్తం ఆగిపోవాల్సిందే. దొరికిన ముక్కల్ని కాగితం మీద అంటించి, ఇదిగో పూర్తి సూది అని చూపిస్తేనే కొత్త సూది ఇచ్చేవాళ్లు. ఒక్క మొన కనబడకపోయినా వందల గౌన్లు మళ్లీ తడమాలి. ఏ ఊళ్లోనో, ముఖం తెలియని ఏ పసిదాని వీపులోనో దిగబోయే మొన అది. “నీ వేళ్లకి కళ్లున్నాయమ్మా,” అనేవాడు సూపర్‌వైజరు. రెండోవాడు పుట్టాక “ఇద్దర్ని కనిపెట్టుకుని ఉండటం నావల్ల కాదు” అంది అత్తగారు. “ఆ చిల్లర జీతం కోసం పిల్లల్ని గాలికొదిలేస్తావా” అన్నాడాయన. మానేసింది. ఫ్యాక్టరీలో చేసిన పనే ఇంట్లోనూ చేసింది. అక్కడ దాన్ని పని అన్నారు, ఇక్కడ భయం అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన ఫ్లాటు చూడటానికి వెళ్లాక కత్తెర తీసుకుని మొదలుపెట్టింది. ముందు మెట్టు మీద గుడ్డ. తర్వాత వెనక గది. ఆ గదికి బయటివైపున్న గడియ వదులు. తలుపు గట్టిగా పడితే దానంతటదే జారి పడిపోతుంది, లోపలున్నవాళ్లు లోపలే. గడియ జారకుండా ఆమె దుప్పటి పేలికతో బిగించి కట్టి ఉంచింది. అది మాసిపోయిన ప్రతిసారీ విప్పి, ఉతికి, మళ్లీ కట్టింది. ఇప్పుడు ముడి కత్తిరిస్తుంటే పేలిక అట్టకట్టిన చర్మంలా ఊడొచ్చింది. ఆమె వెనక్కి తిరిగి పది అడుగులు వేసిందో లేదో, గడియ టక్కున పడింది. గాలి కూడా లేదు.

పెరట్లో నీళ్ల తొట్టి రేకుమూత మీద ఆమె పెట్టిన బండరాయిని ఆయనా బ్రోకరూ పొద్దున్నే దొర్లించేశారు. మిగిలింది మేడ మీద బాల్కనీ. దాని కమ్మీలు అడ్డంగా ఉంటాయి, ఎక్కమని పిలిచే నిచ్చెనలా. వాటికి ఆమె నైలాను వల కట్టింది. ఎండకి పీలికలైనప్పుడల్లా కొత్తది తెచ్చి కట్టింది. కమ్మీలు మార్పిద్దామని అడిగితే ఆయన “చూద్దాంలే” అన్నాడు. ఆ చూద్దాంలేకి ఇప్పుడు ఇరవై ఏళ్లు.

వల ముడులు ఒక్కొక్కటే తెంచుతూ ఆమె ప్రతి ముడి దగ్గరా కత్తెర ఆపింది. కారణం ఎవరికీ చెప్పలేనిది. చెబితే ఈసారి నవ్వరు, డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. ఈ ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు.

బాల్కనీ కింద సిమెంటు నేల మీద, ఒక పక్కకి తిరిగి పడుకుని ఉంటుంది మూడేళ్ల పిల్ల, పసుప్పచ్చ గౌనులో. ఆమె కూతురే. ఒకరోజు కూతురు మూడో కమ్మీ ఎక్కింది. ఈమె వంటింట్లోంచి గరిటె పారేసి పరిగెత్తి, ఒళ్లు ముందుకి వాలుతుండగా నడుం ఒడిసి పట్టుకుంది. పట్టుకున్న పిల్ల పెరిగి పెద్దదై ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. పట్టు దొరకని పిల్ల మాత్రం ఆ సిమెంటు మీదే ఉండిపోయింది. తొట్టి పక్కన నాలుగేళ్ల కొడుకు గొంతుక్కూర్చుని ఉంటాడు, జుట్టులోంచి నీళ్లు కారుతూ. మూత సందులో పడ్డ బంతి కోసం వంగినవాడు. అసలు కొడుకు కాలరు ఆమె చేతికి దొరికింది. వీడిది దొరకలేదు. వాళ్లు ఏడవరు, పెరగరు, ఏమీ అడగరు. ఆమె కట్టిన కట్లున్నంతకాలం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

ఆఖరి ముడి తెగి వల జారిపోయింది. ఆమె కిందికి చూడలేదు. చూడకుండానే తెలిసింది, పసుప్పచ్చ గౌను లేచి కూర్చుందని.

సాయంత్రం కూతురు ఫోను చేసింది. “అమ్మా, అవన్నీ తీయించేశారటగా, నాన్న చెప్పారు. ఏడుస్తున్నావా ఏంటి కొంపదీసి? ఇన్నేళ్లలో మా ఇద్దరికీ ఒక్క కుట్టు కూడా పడలేదు కదమ్మా, ఇంకా ఏంటి నీ భయం?”

“ఒక్క కుట్టు పడలేదు,” అంది ఆమె. ఫోను చెవి దగ్గరే ఉంది. కళ్లు వసారా గచ్చు మీద ఉన్నాయి. అరగంట క్రితం తుడిచిన గచ్చు అంతా ఆరింది. తొట్టివైపునుంచి వచ్చే దారిలో అరచేయంత తడి మాత్రం ఆరలేదు.

ఆయన తిరిగొచ్చి చెప్పాడు. “రేపు పదింటికి పార్టీ వస్తోంది. వాళ్ల పాపకి స్కూలు దగ్గరని ఈ వీధే కావాలట. నువ్వు వంటింట్లోనే ఉండు. ఏమైనా అడిగితే నవ్వు, చాలు. నీ చిట్టా విప్పావంటే కొనేవాడు గోడ దూకి పారిపోతాడు.”

“పాపకి ఎన్నేళ్లట?”

“నాకేం తెలుసు? పిల్ల వయసు అడిగి ఇల్లమ్ముతారా ఎవరైనా?”

ఆమె వంటింట్లోకి వెళ్లింది. స్టవ్ గట్టు పట్టుకుని నిలబడింది. తను నోరు మూసుకుంటే ఏమవుతుందో ఆమెకి అద్దంలోలా కనబడుతోంది. పాప ఈ ఇంటికి వస్తుంది. కట్లు ఉండవు, కట్టినవాళ్లూ ఉండరు. ఈ ఇద్దరి పక్కన మూడోది వచ్చి చేరుతుంది. అదైతే ఊహ కూడా కాదు, నిజంగా పడుతుంది. నోరు విప్పితే ఫ్లాటు పోతుంది, ఆయన పరువు పోతుంది, మిగిలిన బతుకంతా “ఇల్లు ముంచిన మహాతల్లి” అని వినాలి.

మర్నాడు పదింటికి వచ్చారు. ఆమె వంటింట్లోనే ఉంది. ముందు ఆ పాప బూట్ల చప్పుడు వినిపించింది. అడుగు వేసినప్పుడల్లా కీచుమనే రకం. మూడేళ్ల అడుగులు, అనుమానం లేదు. గోడలవతల ఆ కీచుమనే చప్పుడు హాల్లో తిరిగింది, వెనక గదిలోకి వెళ్లింది. ఆమె గడియ చప్పుడు కోసం చెవి ఒగ్గింది. గడియ పడలేదు, బూట్ల చప్పుడు మళ్లీ బయటికొచ్చింది. పెరటి గుమ్మందాకా వెళ్లి ఆగింది. ఆయన గొంతు ఖంగుమంటోంది. “నీళ్లకి లోటు లేదండీ. గాలికైతే అసలు ఫ్యానే అక్కర్లేదు.” తర్వాత కీచుమంటూ ఒకటి, రెండు. మెట్లెక్కుతోంది.

ఆమె నీళ్ల గ్లాసు ఒకటి చేతపట్టుకుని వంటింట్లోంచి బయటపడింది. దాహం ఎవరికీ వెయ్యలేదు, ఎవరూ అడగలేదు. చేతిలో ఏదో ఒకటి ఉంటేగానీ ఆమెకి ఆ ఇంట్లో గదులు దాటే అలవాటు లేదు.

పెద్దవాళ్లు ముందు వెళుతున్నారు. బ్రోకరు, ఆయన, పాప నాన్న, వాళ్ల వెనక పాప అమ్మ. ఆఖర్న గోడ పట్టుకుని పాప. ఈమె వెళ్లి పాప వెనక నడిచింది. పైనుంచి నాలుగో మెట్టు రాగానే పాప బూటు అంచుకి తగిలి ఒళ్లు ఎదురుమెట్టు మీదికి తూలింది. మొహం ఆమె అరచేతిలో పడింది. గ్లాసులో నీళ్లు తొణికి మెట్టు మీద పడ్డాయి.

పాప అమ్మ సరిగ్గా అప్పుడే వెనక్కి చూసింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, జుట్టు బిగించి ముడేసుకుంది. కూతురు ఏడవలేదని చూసుకున్నాక ఈమె చేతివైపు చూసింది.

“ఒక్క నిమిషం,” అంది. “పాప తూలకముందే మీ చెయ్యి అక్కడుంది.”

ఆయన పైనుంచి నవ్వాడు. “అది ఆవిడ జబ్బండీ. గాలి వీచినా చెయ్యి అడ్డం పెడుతుంది.”

ఆ అమ్మాయి నవ్వలేదు. “నేను డ్రైవింగు నేర్పుతానండీ,” అంది, ఆయనతో కాదు, ఈమెతో. “నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకుంటుంది. లారీ మీదికి పోతుంటే నేను తొక్కుతాను. నేర్చుకునేవాళ్లకి సగంసార్లు తెలియదు. దిగి, బాగా నడిపాను కదా మేడమ్ అంటారు.” వంగి, ఆ మెట్టునీ కింది మెట్టునీ బెత్తతో కొలిచింది. “ఏంటక్కా ఈ మెట్టు సంగతి?”

“ఏమీ లేదమ్మా!” ఆయన రెండు మెట్లు దిగాడు. “ఇద్దరు పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. ఒక్కరికి గోరంత దెబ్బ తగల్లేదు. కావాలంటే ఆవిడనే అడగండి. ఏమోయ్, ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా? చెప్పు.”

ఆమె తలెత్తి చూసింది. బాల్కనీ తలుపు తెరిచి ఉంది. వెలుతురులో, గుమ్మం దగ్గర, పసుప్పచ్చ గౌను నిలబడి ఉంది. అది ఆమెవైపు చూడటం లేదు, పాపవైపు చూస్తోంది. ఇన్నేళ్లకి తోడు దొరికినట్టు చెయ్యి చాపింది. పాప బూటు కీచుమని పై మెట్టెక్కింది.

“పాపని ఎత్తుకో తల్లీ,” అంది ఆమె. ఆ అమ్మాయి కారణం అడక్కుండా ఎత్తుకుంది. “బాల్కనీ కమ్మీలు అడ్డంగా ఉన్నాయి, పిల్లలు ఎక్కేస్తారు. మా అమ్మాయి ఎక్కింది. నిన్నటిదాకా వలుంది, తీయించారు. వెనక గది గడియ దానంతటదే పడుతుంది. తొట్టి మూత మీద రాయి ఉండేది, రేకు ఒక్కటే చాలదు, వేలితో తోస్తే జరుగుతుంది. ఈ మెట్టుకి ఎర్రగుడ్డ ఉండేది.”

“ఇదిగో, మొదలైంది!” ఆయన బ్రోకరువైపు చూసి చేతులు తిప్పాడు. “అది తన బుర్రలో తప్ప ఎక్కడా లేదండీ. ఏమీ కాలేదంటుంటే!”

“ఏమీ కాలేదు నిజమే,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “ఏమీ కాకుండా ఉండటం దానంతటది జరగలేదు. ఇరవై ఒక్క ఏళ్లు, పగలూ రాత్రీ, ఆ పని నేను చేశాను.”

బ్రోకరు దగ్గాడు. “అమ్మా, మీరు కాస్త లోపలికి...”

“ఉండండి సార్,” అంది డ్రైవింగు అమ్మాయి. “కొంటామో లేదో తర్వాత సంగతి. ఎన్ని ఇళ్లు చూశాం? ఇల్లంటే ఏంటో చెప్పిన మనిషి ఈవిడొక్కరే.” పాపని భర్త చేతికిచ్చి, తడి మెట్టు పక్కనున్న పొడి మెట్టు మీద చతికిలబడింది. కిందినుంచి ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది. “అందర్నీ పట్టుకున్నారు సరే. మరి మీరెప్పుడూ పడలేదా అక్కా?”

ఎవరూ అడగని ప్రశ్న అది. ఆమె ఆ మాటని లోపల తడిమి చూసుకుంది, ఒక్కో గౌనూ, ఒక్కో కుట్టూ. కింద, వెనక గది గడియ టక్కుమంది. ఈసారి ఆమెకి లోపలున్నదెవరో తెలిసింది. భుజానికి భోజనం సంచి, చేతిలో ఫ్యాక్టరీ కార్డు. రేపు డ్యూటీకి రావడం లేదని ఇంకా ఎవరికీ చెప్పని మనిషి. తనే. పిల్లల కోసం ఇల్లంతా వెతికిన కళ్లు ఆ గదిలోకి ఒక్కసారీ చూడలేదు.

“పడ్డాను,” అంది ఆమె. “ఎవరూ చూడలేదు.”

ఆయన మొహంలో నవ్వు సగంలో ఆగింది. “ఎప్పుడు? నాకు చెప్పలేదే?”

ఆమె చేతిలో గ్లాసు మెట్టు మీద పెట్టి, ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

“నాకప్పుడు ఇరవై ఆరేళ్లు,” అని మొదలుపెట్టింది.