మా ఇంట్ల లేని పెండ్లి

గా ఆదివారం ప్రార్థన అయిపోయినంక హాలియాల మా చర్చి హాల్ల ఫోన్ మోసాల గురించి నేను మాట్లాడాలె. నన్నెవ్వరూ పిలువలే. నేనే పాస్టర్ గారిని అడిగి మైకు తీస్కున్న. హైస్కూల్ల సోషల్ చెప్పే బెంజమిన్ సారుకు ఫోన్ల సంగతి మంచిగ తెలుసని ఊర్ల పేరున్నది. ఆ పేరు తెచ్చుకున్నది గూడ నా నోటితోనే.

పొద్దుగాల అంగీ ఇస్త్రీ చేస్కుంటుంటే వాట్సాప్‌ల పెండ్లి కార్డు వచ్చింది. పంపింది జడ్చర్లల ఉండే మల్లేష్, నాతోని బీఈడీ చదివిన దోస్తు. ఆయన కొడుకు పెండ్లీడుకొచ్చిండు. మల్లేషింట్ల దావత్ అంటే మటన్‌కు కొదవుండదు. తారీఖు చూద్దామని నొక్కిన. కార్డు తెరుచుకోలే. ఇది తెలియని యాప్, పెట్టుకుంటే ప్రమాదమని ఫోనే అడ్డం పడ్డది. మల్లేష్ సంగతి ఫోన్‌కేం ఎరుకని, "అయినా సరే" నొక్కిన. మీ మెసేజ్‌లు చూడొచ్చా అని అడిగితే చూడుమన్న. అయినా కార్డు రాలే. నెట్‌వర్క్ బాలేదనుకొని ఫోన్ జేబుల ఏస్కొని పోయిన.

హాల్ నిండ ఆడోళ్లే. ముందు వరుసల నా భార్య స్వర్ణ, పక్కన మా చిన్నమ్మ జానమ్మ.

"తెల్వనోళ్లు పంపిన లింకు నొక్కొద్దు! నొక్కినోళ్లను ఏమనాలె? తెలివి తక్కువోళ్లనాలె!" అని చెయ్యి ఊపుతున్న. అప్పుడే హాల్ల ఫోన్లు ఒకదానెనుక ఒకటి టింగు టింగుమన్నయి.

చిన్నమ్మ ఫోన్‌ను కండ్లకు దూరం పెట్టి చూసింది. "ఏందిరా బెంజమినూ, మీ ఇంట్ల పెండ్లా? నీ బిడ్డ అక్షిత ఇంకా తొమ్మిదో తరగతే గద! సదువుకునే పిల్లకు పెండ్లి చేస్తవా? సిగ్గున్నదా నీకు?"

స్వర్ణ నా దిక్కు చూసింది. "నాకు జెప్పకుండనే కార్డులు గూడ కొట్టిచ్చినవా?"

పొద్దుగాల నాకొచ్చిన కార్డే నా నంబర్ నుంచి అందరికి పోయింది. అప్పుడు సమజైంది నాకు. అయినా నోరు మాత్రం ఆగలే.

"చూసిన్రా! మిమ్మల్ని పరీక్ష చేద్దామని నేనే పంపిన" అన్న. పైకెల్లి నవ్విన గూడ. చప్పట్లు గొట్టిన్రు.

రెండో వరుసల బిక్షమ్మ కూసున్నది. నాట్లకు పోయే మనిషి, మొన్ననే బ్యాంకు ఖాతా ఫోన్ల పెట్టిచ్చుకున్నది. "సారు పంపిందే అయితే ఫికర్ లేదు గద. లోపలేమున్నదో చూస్త" అని వేలు లేపింది.

"నొక్కకమ్మా!" నేను అరిస్తే మైకు కీసుమన్నది. "నేను పంపలే! పొద్దుగాల నేనే నొక్కిన! నా ఫోన్ ఇప్పుడు దొంగల చేతుల్ల ఉన్నది!"

స్వర్ణ లేచొచ్చి నా జేబుల ఫోన్ గుంజుకొని నెట్ బంద్ చేసింది. తన ఫోన్‌తోని బ్యాంకుకు కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది. మైకు ఆపాల్నని ఎవ్వరికీ యాదికి రాలే.

"ఇప్పుడు ఎక్కడున్నరు సార్?" అని బ్యాంకాయన అడిగిండు.

"మీటింగుల."

"ఏం మీటింగ్ సార్?"

"ఫోన్ మోసాల మీద. నేనే మాట్లాడుతున్న."

ఆయన దగ్గినట్టు చేసి ఖాతా ఆపిండు. పైసలు పోలే. సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు గూడ ఇచ్చిన. ఆఖరికి మల్లేష్‌కు కలిపిన.

"నిన్నటి సంది అందరికి ఫోన్ చేసి చెప్తున్న, నొక్కకుండ్రి, నా ఫోన్ దొంగలు పట్టిన్రని" అన్నడు మల్లేష్. "నువ్వు అన్నీ తెలిసినోనివి గద, నొక్కవులే అని నీకు చెయ్యలే."

హాలంత నవ్వింది. బిక్షమ్మ నవ్వలే. "సార్, తెల్వనోళ్లు పంపితే నొక్కొద్దన్నవు. నీకు పంపింది దోస్తే గద. మరెట్ల తెలుసుకోవాలె?" అని అడిగింది.

నేను రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబుల పెట్టిన. మైకు పక్కన పెట్టి, కిందికి దిగి, వాళ్ల నడుమ కుర్చీ ఏస్కొని నేను చేసింది చేసినట్టు చెప్పిన. నిజం కార్డు బొమ్మ లెక్క వస్తది, యాప్ పెట్టుకొమ్మనదు, మన మెసేజ్‌లు చూస్తననదు. ఫోన్ ఒద్దన్నప్పుడు నేను ఇనకపోతిని.

"ఇగ ఎవ్వరు కార్డు పంపినా ముందు ఫోన్ చేసి అడుగుడే" అన్నది చిన్నమ్మ.

ఆ వారమంత పెండ్లెప్పుడని చుట్టాల ఫోన్లు, పాలమూరు నుంచి గూడ. జవాబు చెప్పే పని అక్షిత నాకే పెట్టింది. పక్కనే కూసొని, జరిగిన దాంట్ల ఒక్క మాట గూడ తక్కువ చెప్పనియ్యలే.