ఒక్క తూటాకి పద్నాలుగు మంది

టీవీ బాబు ఒక్క తూటా పేలిస్తే పద్నాలుగు మంది చావాలి. అదట హాస్యం. చవకలో చుట్టేస్తున్న కౌబాయ్ సినిమా. గుర్రం దొరక్క గాడిదకి రంగు పూసి, రోజూ టీవీలో జనాన్ని నవ్వించే బాబుని దానిమీద కూర్చోబెట్టారు. శవాల వేషాలకి కూలికొచ్చినవాళ్లలో ఒక వదిన, ఆమె మరిది ఉన్నారు. పద్నాలుగో శవం మరిది. అతను సారాకొట్టు సెట్టు కప్పు మీంచి పడాలి. కింద వేయాల్సిన పరుపు బాబు కునుకు తీసే వ్యానులో ఉంది. అడిగితే, "ఇసుక మెత్తగానే ఉందిలే" అన్నాడు మేనేజరు.

మరిది పడ్డాడు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

"ఎంత సహజంగా పడ్డాడయ్యా. బాబు టోపీ ఎగిరిపోయింది, ఇంకోసారి. అందరూ లేవండి."

అందరూ లేచారు, మరిది తప్ప. అప్పటిదాకా పక్కనే శవమై పడున్న వదిన లేచి అతని మీదకి వంగింది.

"కాళ్లు తెలియట్లేదు వదినా."

తన చేతుల మీద పెరిగినవాడు. ఆమె మేనేజరు దగ్గరికి పరిగెత్తింది.

"వ్యాను ఇప్పించండి సార్, ఆస్పత్రికి తీసుకెళ్తాం."

"ఉన్నది ఒక్కటే, అదీ బాబుది. వెలుతురు పోతోంది. షాటయ్యాక చూద్దాం, ముందు నీ చోటుకి పో."

వదిన తన చోటుకి పోయింది. పోయి పడుకుంది.

"ఇప్పుడు కాదమ్మా, తూటా పేలాక" అన్నాడు డైరెక్టరు.

"నేను చచ్చిపోయాను సార్. చచ్చినవాళ్లు లేవరు."

ముప్పై ఏళ్లుగా సినిమాల్లో చస్తున్న ముసలి మామ గొణిగాడు. "మా పొట్ట కొట్టకమ్మాయ్. రేపట్నించి మనల్ని పిలవరు."

"పిలుస్తారు మామా. రేపు ఆ కప్పు మీదకి నిన్నే ఎక్కిస్తారు."

మామ కప్పు వైపు చూశాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా పడుకున్నాడు. అతని వెనకే ఒకరి తర్వాత ఒకరు, మొత్తం పదమూడు మందీ పడుకున్నారు. బతికుండగా ఎవరూ వినని మాట, శవాలయ్యాక వినక తప్పలేదు.

బాబు గాడిద దిగొచ్చి టీవీ నవ్వే నవ్వాడు. "ఏంటి, మనవాళ్లు అలిగారా?"

ఆ నవ్వుకే ఇంట్లో పడీ పడీ నవ్విన వదినకి ఒళ్లు మండింది. "మీరు పరుపు మీంచి లేచొచ్చారు బాబూ. మావాడు లేవట్లేదు."

పావుగంటకి వ్యాను తలుపు తెరుచుకుంది. వడ్రంగులు సెట్టు తలుపు ఊడదీసి, దానిమీద మరిదిని మోసుకొచ్చి ఎక్కించారు. వదిన వెంట వెళ్లబోయింది. అతను చెయ్యి పట్టి ఆపాడు.

"నువ్వుండు వదినా. నువ్వు లేస్తే అందరూ లేస్తారు."

వదిన వెనక్కొచ్చి మళ్లీ పడుకుంది.

"వ్యాను ఇచ్చాంగా, ఇంక లేవండి" అన్నాడు మేనేజరు.

"ఎవరు పడినా కింద పరుపుంటుందని రాసివ్వండి."

కాగితం రాలేదు, పోలీసులొచ్చారు. మేనేజరు వేలు చూపించాడు. వదిన పెనుగులాడలేదు. ఒళ్లంతా వదిలేసింది. నలుగురు మోస్తే గానీ జీపెక్కలేదు.

జీపులోంచి చూసింది. లైట్లవాళ్లు దీపాలార్పి పడుకుంటున్నారు. వడ్రంగులు సుత్తులు పడేసి పడుకుంటున్నారు. మేకప్ చేసే అక్క కొంగు దులిపి కూర్చుంది, మామ పక్కనే ఒరిగింది.

"ఇంకెన్ని బండ్లు పిలవాలి?" అడిగాడు పోలీసు.

"ఆగండి," అంది వదిన. "ఇంకా పడుకుంటున్నారు."